కప్పకంటి కాపరి

అండిగారు పోయారని మొన్న కళ్యాణదుర్గం బస్సు కండక్టరు చెప్పాడు. చెప్పి, అదే గొంతుతో, "టీలో చక్కెర తక్కువైందన్నా" అన్నాడు. రెండో మాటకు ఇంత చక్కెర వేశాను. మొదటి మాటకు ఏం వేయాలో తెలియక పొయ్యి ఎగదోస్తూ నిలబడ్డాను.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది. ఆఫీసువాళ్లు దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా కోసుకుని పిలిచేవాళ్లు. మా ఊరికి మాత్రం ఆయన అండిగారే. గోదావరి పక్క నుంచి వచ్చిన మనిషి. చంకలో పిల్లకైనా, రెడ్డికైనా, గొర్రెలు తోలుకొచ్చేవాడికైనా ఒకే కొలతలో 'అండీ' పోసేవాడు. ఒకసారి నా అంగట్లోకి దూరిన మేకను "కాస్త జరగండి" అన్నాడు. మేక జరిగింది. ఆ పేరు ఖాయమైంది.

నేను మూడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. నేను మానలేదు, బడే నన్ను మానేసిందని మా నాయన అనేవాడు. కాబట్టి ఆయన పని గురించి నేను చెప్పేది టీ పొయ్యి దగ్గర నిలబడి అర్థం చేసుకున్నంత మటుకే.

బెళుగుప్ప నుంచి మా ఊరికి వచ్చే దోవలో ఒక బోడిగుట్ట ఉంది. దాని మీద రేకుల గది ఒకటి వేసి, గది ముందర నాలుగు కాళ్ల మీద చెక్కపెట్టె ఒకటి నిలబెట్టారు. పెట్టె పైన గాజుగిన్నె బోర్లించి ఉండేది. గాజు కింద ఒక కెమెరా వెల్లకిలా పడుకుని ఆకాశాన్నే చూస్తుండేది. దూరం నుంచి చూస్తే గుట్ట మీద పెద్ద కప్ప కూర్చుని కన్ను పైకి తేలేసినట్టుండేది. కప్పకన్ను అని పేరు పెట్టింది నేనే. నేను పెట్టిన పేర్లలో ఊరు తిట్టకుండా వాడుకున్నది అదొక్కటే.

పొద్దు పొడిచే వేళకు ఆకాశాన్ని ఫోటో తీయడం అండిగారి పని. ఆ వేళ మోడం, అదే మబ్బు, చూస్తేనే అసలు సంగతి తెలుస్తుందట. నెలకోసారి జీపులో ఆఫీసరు వచ్చి ఫిల్ములు తీసుకుపోయి, కిందటి నెల ఫోటోలు తెచ్చి చూపించేవాడు. ఫోటోల్లో పనికొచ్చే మోడాలు కనిపిస్తే, వాటికి మందు పెట్టి వాన కురిపించేవాళ్లు లారీలేసుకుని వస్తారు. కనిపించకపోతే రారు. ఇంతే కథ. ఇంత చిన్న కథను మా ఊరు ఎంత పెద్దది చేసుకుందో చెప్పలేను. అప్పటికి కుంట ఎండిపోయి అందులో పిల్లలు బిళ్లంగోడు ఆడుకుంటున్నారు. తాగే నీళ్లకు ఏటి ఇసకలో చెలమ తోడుకుని, ఊరేదాకా కూర్చోవాలి.

అలాంటి చోట ఆయనకు వచ్చిన కష్టం ఏమిటంటే, తడి. పెట్టెలో తడి. మనిషి ఉమ్మేద్దామంటే నోట్లో ఉమ్ము లేని ఊళ్లో, తెల్లవారేసరికి ఆ గాజు లోపలి పక్క సన్నటి చెమ్మ పట్టేది.

"అప్పా, ఈ చుట్టుపక్కల నీళ్లు పడిన బావి నీ పెట్టె ఒక్కటే. రాట్నం కట్టుకుందాం పట్టు" అన్నాను.

"రాట్నంతో రాదండీ, చాలా కొంచెం" అన్నాడాయన, నిజంగానే ఆలోచించి.

అదీ ఆయనతో నాకున్న చిక్కు. నా మాటల్లో ఏది నిజమో ఏది కోతో మా ఇంట్లోవాళ్లే తేల్చుకోలేరు. ఆయన మాత్రం ప్రతి మాటనూ నిజమనే చేతిలోకి తీసుకునేవాడు. ఇటు తిప్పి ఒకసారి, అటు తిప్పి ఒకసారి, వెలుతురులో పెట్టి మూడోసారి అడిగేవాడు. మూడోసారికి నేనే సిగ్గుపడి "ఊరికే అన్న్యానులేప్పా" అనేవాణ్ణి. "అలాగా అండీ" అని మళ్లీ టీ తాగేవాడు.

రాత్రి గాజు ముఖం ఆకాశానికి తెరిచి ఉంటుంది కాబట్టి అన్నిటికన్నా ముందు అదే చల్లబడుతుందని, మూసిన పెట్టెలో గాలికున్న కాస్త తడీ పోయి ఆ చల్లటి చోటే కూర్చుంటుందని నాకు చెప్పాడు. "మీ గాలిలో నీళ్లు లేవనుకుంటారు మీరు. ఉన్నాయండీ. గాజు చూపిస్తుంది."

పెట్టె మూత తీసేటప్పుడు ఆయన్ను చూడాలి. తువ్వాలు ముక్కు మీదుగా కట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి బిగబట్టి, అప్పుడు మూత ఎత్తేవాడు. ఫిల్ము మార్చి, గాజు లోపల మెత్తటి గుడ్డతో నడిమి నుంచి అంచుకు తుడిచి, మూత దించాకే ఊపిరి వదిలేవాడు. అప్పటికి మొహం కందగడ్డయ్యేది. మనిషి ఒక్క ఊపిరిలో ఆ గాజంతా మసకేసే తడి ఉంటుందట. ఆ అలవాటు చివరికి ఎంత ముదిరిందంటే, నా టీగ్లాసు మీద కూడా మాట్లాడేవాడు కాదు. గ్లాసు పక్కన పెట్టి, మొహం అటు తిప్పి మాట్లాడి, మళ్లీ ఇటు తిరిగి తాగేవాడు.

ఎక్కడికి పోయినా ముంజేతి వెనక భాగంతో వస్తువుల్ని తాకి చూసేవాడు. గోడ, బెంచీ, చక్కెర మూట. తడి తగిలితే మొహం ముడుచుకునేది. ఒక్కసారి మాత్రం మెచ్చుకున్నాడు. మా వీధి చివర అవ్వ తన ఎద్దుల్ని అంగడి ముందుగా తోలుకుపోతుంటే, లేచి వెళ్లి ఒక ఎద్దు ముక్కుకు చెయ్యి ఆనించాడు. "తడిగా ఉందమ్మా. ఆరోగ్యంగా ఉంది" అన్నాడు. ఆయన నోట తడి బాగుందన్న మాట నేను విన్నది అదొక్కసారే.

పెట్టెలో తడి పీల్చడానికి గుడ్డసంచిలో గింజలు పెట్టేవాడు. పొడిగా ఉంటే నీలం, తడి తాగితే గులాబీ రంగు. తాగిన గింజల్ని వేయిస్తే మళ్లీ నీలమవుతాయి. వేయించడానికి నా పొయ్యి. రోజూ పొద్దున రద్దీ తగ్గాక బాండ్లి పట్టుకుని వచ్చి, బెంచీ చివర ఒద్దికగా కూర్చుని, గింజల్ని కలుపుతూ రంగు తిరిగేదాకా చూసేవాడు.

"ఏమప్పా, ఉలవలకు రంగేసినావా?" అనేవాడొకడు.

"పెళ్లి పలారం లాగుండాది, ఇంత పెట్టు సారూ" అనేవాడు ఇంకొకడు.

"కడుపులో చెమ్మ పోతాదంట, పిడికెడు తినండ్రా" అన్నాను నేను. అంతే. ఆ తర్వాత కొన్నాళ్లు ఆయన టీ తాగడానికి కూడా బాండ్లి వదిలి కదల్లేదు. "తినకూడదండీ, తినకూడదండీ" అని వచ్చినవాడికల్లా చెబుతూ చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంకోసారి, బొరుగులు మెత్తబడితే గాలిలో చెమ్మ ఉన్నట్టు మాకు తెలుస్తుందని ఏదో మాట వరసకు అన్నాను. తీసుకుపోయి పెట్టెలో పిడికెడు పోశాడు. బొరుగులకు చీమలు వచ్చాయి. చీమలు గాజెక్కాయి. మరుసటి నెల ఆఫీసరు ఫోటోలు పరిచి, "ఏమయ్యా, ఇవేం పక్షులు? ఇంత పెద్దవి?" అన్నాడు. నేను పొయ్యి వెనక్కి పోయి కడుపు పట్టుకున్నాను. అండిగారు నిలబడి, "చీమలండీ" అన్నాడు. ఆకాశంలో చీమలు పాకిన ఊరు మాదొక్కటే అయి ఉంటుంది.

నవ్వు అక్కడితో సరి. మిగతా ఫోటోలన్నీ తెల్లగా ఉండేవి. చెమ్మ పట్టిన గాజులోంచి తీస్తే అంతా పాలు పోసినట్టు తెలుపు. జనం బెంచీ చుట్టూ మూగి ఆ తెలుపునే చూశారు.

"యబ్బా! ఎంత మోడముండాది సూడన్నా!"

"మన కంటికి ఏమీ కనపడ్లేదే?"

"మన కంటికి కనపడితే పెట్టె యాలప్పా?"

"మోడం కాదండీ, తడి" అని ఆయన ఒక్కొక్కరి మొహం చూసి చెప్పాడు. ఎవరికీ వినపడలేదు. ఆఫీసరు కూడా, కొంత మోడం ఉండొచ్చు కొంత తడి ఉండొచ్చు, ఇంకా చూద్దామని జీపెక్కాడు. మా ఊరు ఇంకో నెల ఆశ పడడానికి అది చాలు.

మా పక్క వాన రాకపోతే జనం సుగ్గికి పోతారు. అంటే బళ్లారి పక్క కాలవ కిందికి కోత కూలికి. ముందు పోయినవాళ్లకు పని, వెనక పోయినవాళ్లకు వాళ్ల మొహాలు చూడడం. ఆ ఏడు పోదామని మూటలు కట్టినవాళ్లు కూడా కప్పకన్ను మోడం చూసిందని మూటలు విప్పారు. శనక్కాయ ఎటూ పోయింది, మందు లారీలొస్తే ఉలవలైనా చల్లుకోవచ్చని.

భాద్రపదం కూడా ఎండగానే గడిచిపోతుంటే ఆడవాళ్లు కప్పను తిప్పుదామని బయల్దేరారు. కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తీసుకుపోతారు. ప్రతి ఇంటివాళ్లూ దాని మీద నీళ్లు పోస్తారు. తడిసిన కప్ప అరిస్తే వాన. అయితే ఆ ఏడు కప్పే దొరకలేదు. కుంటలో పారలు పెట్టి తవ్వినా దొరకలేదు.

"కప్పలు గూడా సుగ్గికి పోయినాయి" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

అప్పుడే ఎవరికి తట్టిందో, గుట్ట మీద కప్పకన్ను ఉంది కదా అన్నారు. ఆడవాళ్లంతా చెలమ నీళ్లు బిందెలకెత్తుకుని, వేపమండలు పట్టుకుని గుట్టెక్కారు. ముందు అవ్వ. వినోదం చూద్దామని వెనక నేను.

అండిగారు పెట్టెకు అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. "దీని మీద వద్దమ్మా. ఒక్క చుక్క వద్దు. ఎన్నాళ్లుగానో ఆరబెట్టుకుంటున్నాను."

"కప్ప దొరకల్యా నాయనా" అంది అవ్వ. "ఆకాశం సూసే కన్ను ఈ ఊర్లో ఇదొకటే ఉండాది. పక్కకు జరుగు."

"పాడైపోతుందమ్మా."

"మాది పాడైపోలేదా?"

ఆయన బిందెల వంక చూశాడు. ఆ నీళ్లు ఎలా ఊరతాయో, ఎంతసేపు కూర్చుంటే బిందె నిండుతుందో ఆయనకూ తెలుసు. కళ్లద్దాలు తీశాడు. చొక్కా విప్పి మడిచి బండ మీద పెట్టాడు. పెట్టె ముందర మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

"నా మీద పోయండమ్మా. రోజూ ఆకాశం చూసేది నేనే కదండీ."

ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. ఒక పిల్ల కిసుక్కుమని, "కప్పయితే అరవల్ల గదా, అరుస్తావా సారూ?" అంది.

"అరవాలంటే అరుస్తానండీ" అన్నాడు.

పోశారు. బిందె తర్వాత బిందె. ఆయన కళ్లు మూసుకుని, తల పైకెత్తి, కప్పలాగా అరిచాడు. ఎగతాళికి కాదు, మొహమాటానికి కాదు. కుంట గట్టున జడివానలో అరిచే కప్ప ఎలా అరుస్తుందో అలాగే, గొంతు ఉబ్బించి, ఆగకుండా అరిచాడు. మొదట నవ్విన ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి ఆ కొంగులతోనే కళ్లు తుడుచుకున్నారు. ఊళ్లో అందరి మీదా మాట విసిరిన నేను దాని మీద ఇంతవరకు ఒక్క మాట విసరలేదు.

చివరి బిందె అవ్వది. పోసి, ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఆయన ముందర కూర్చుంది.

"మా నీళ్లు నువ్వు తీసుకున్నావు నాయనా. ఇంక వానన్నా తేవల్ల, మాటన్నా చెప్పల్ల. ఉలవల పదునుకు వాన వస్తాదంటే ఎద్దుల్ని పెట్టుకుంటా. రాదంటే కండ ఉండంగానే సంతకు తోలి, కొడుకునీ కోడల్నీ పిల్చుకోని సుగ్గికి పోతా. నువ్వు ఏం చెప్తే అది."

నీళ్లు కారుతున్న మొహంతో, "గాజు తేటపడనివ్వండమ్మా. చెప్తాను" అన్నాడు.

మరుసటి రోజు గింజలు వేయిస్తుంటే నేనే కదిలించాను. "అప్పా, ఒక మాట. ఆ గాజును అట్లే వదిలెయ్. తెల్లగా ఉన్నంతకాలం నీకు పనుంటాది, మాకు ఆశుంటాది. ఎవుని సొమ్ము పోయె?"

"ఆ తెలుపు చూసి ఆవిడ ఎద్దుల్ని పెట్టుకుంటే?"

"పెట్టుకోనీ."

"అవి ఏం తింటాయండీ?"

నా దగ్గర ఎప్పుడూ మాట తడుముకునే పని ఉండదు. ఆ రోజు ఉడుకుతున్న పాలను అనవసరంగా కలిపాను.

ఆయన నా అంగట్లో బిస్కెట్ల సీసాల్ని చాలాసేపు చూశాడు. పొయ్యి పక్క సీసా పొద్దున కూడా తేటగా ఉంటుంది, వాకిటి దగ్గరది మసకేస్తుంది. అప్పటికే పెట్టెలో లాంతరు పెట్టి చూశాడు. మంట కూడా తడి వదులుతుందట, పైగా మసి. ఇప్పుడు మంట వద్దు, వేడి చాలనుకున్నాడు. మూత సందులకు తేనెమైనం పూశాడు. లోపల నీలం గింజలు సరేసరి. నా పొయ్యిలో ఇటుక కాల్పించుకుని, గోనెలో చుట్టి, తెల్లవారక ముందే చంకలో బిడ్డను ఎత్తుకున్నట్టు గుట్ట మీదికి ఎత్తుకుపోయి, గాజు కింది రేకు అడుగున పెట్టడం మొదలుపెట్టాడు. గాజు చుట్టూ గాలికన్నా ఒక వీసం వెచ్చగా ఉంటే చాలట, తడి దాని జోలికి రాదు.

రాలేదు. దసరా దాటాక జీపు వచ్చింది. ఆఫీసరు బెంచీ మీద ఫోటోలు పరిచి ఈల వేశాడు. ఆకాశం కడిగిన పలకలాగా ఉంది. ఒక మూల గద్ద ఎగురుతోంది. దాని రెక్కల ఈకలు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఇంకేమీ లేదు. ఒక ఫోటో తర్వాత ఒకటి, ఎంత తేటగా ఉన్నాయో అంత ఖాళీగా ఉన్నాయి.

"ఫస్ట్ క్లాసయ్యా! ఇన్నాళ్లకు గాజును గెలిచావు" అని ఆఫీసరు ఆయన భుజం చరిచాడు. అదే చేత్తో ఫోటోలు దొంతర పెట్టి, "ఇక్కడ మోడాల్లేవు. సర్దెయ్" అన్నాడు.

అండిగారి మొహంలో సంతోషం ఒకటి రాబోయి, దోవ మరిచిపోయినట్టు ఆగిపోయింది.

నా బెంచీ మీద కూర్చుని చెప్పినా ఊరంతటికీ సాయంత్రానికల్లా తెలిసేది. ఆయన అలా చెయ్యలేదు. ఫోటో ఒకటి అడిగి తీసుకుని, ఎండలో అవ్వ ఇంటికి నడిచాడు. నేనూ పోయాను. అవ్వ చెట్టెక్కి కోసుకొచ్చిన ఎండు రొట్ట ఎద్దుల ముందర వేస్తోంది. ఆయన అలవాటుగా ఒకదాని ముక్కుకు ముంజెయ్యి ఆనించి, తడి అంటని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వాన రాదమ్మా. లారీలూ రావు."

అవ్వ ఫోటో తీసుకుని, ఎడంగా పెట్టుకుని చూసింది. "మరి ముందర తెల్లగా ఉండెనే?"

"అది నా పెట్టెలో తడమ్మా."

"అంత తడా?"

"చెంచాడు కూడా ఉండదండీ."

అవ్వ ఫోటో తిరిగి ఇచ్చింది. "చెంచాడు నీళ్లకు ఊరంతా కూసున్న్యాం" అంది. నవ్విందనే అనుకుంటాను. తర్వాత కొడుకును పిలిచి పలుపులు తెమ్మంది. మేం వాకిలి దాటుతుంటే వెనక నుంచి, "చెప్పినావు, అదే సాలు నాయనా" అంది.

సంతలో ఆ ఎద్దుల్ని దున్నుకునేవాళ్లు ఎవరూ అడగలేదు. అలాంటి ఆకాశం కింద సేద్యపు ఎద్దుల్ని ఎవరు కొంటారు? కసాయివాళ్లు తోలుకుపోయారు. కొడుకు పలుపులు మాత్రం భుజాన వేసుకుని తిరిగివచ్చి, నా దగ్గర టీ తాగుతూ ఈ సంగతి చెప్పాడు. "మాయమ్మకు తెలుసన్నా. ఆ సారుకు మాత్రం చెప్పద్దనింది."

రెండు రోజుల్లో వాళ్లు పోయారు. వాళ్ల వెనక వీధి పోయింది. ఆయన మాట నమ్మినవాళ్లు ముందు పోయారు, నమ్మనివాళ్లు నమ్మినవాళ్లు పోవడం చూసి పోయారు. ఒకరిద్దరు గుట్ట వైపు తిరిగి, కప్పకన్ను పెట్టినాకే ఉన్న మోడం కూడా పోయిందని మట్టి ఎత్తి చల్లారు. ఆయన గది వాకిట్లో నిలబడి అది చూశాడు.

పెట్టె జీపులో పోయింది. ఆయన మరునాటి బస్సుకు నా అంగడికి వచ్చాడు. బెంచీ అంతా ఖాళీగా ఉన్నా ఎప్పటిలాగే చివరన కూర్చున్నాడు. టీ ఇచ్చాను. గ్లాసు పక్కన పెట్టి, మొహం అటు తిప్పి అడిగాడు.

"ఆవిడ ఎద్దుల్ని ఎవరు కొన్నారండీ?"

"కాలవ కింద రైతొకాయన కొన్యాడప్పా."

"దున్నుకోడానికేనా?"

"దున్నుకోడానికే. వరిమడులంట."

మూడోసారి అడుగుతాడని ఆ రైతుకు ఒక ఊరు, పేరు, ఇద్దరు కొడుకులు కూడా సిద్ధం చేసుకుని నిలబడ్డాను. బస్సు వచ్చి ఆగింది. ఆయన నా మొహం వంక కాసేపు చూశాడు. చూసి, "మంచిదండీ" అని సంచి ఎత్తుకుని బస్సెక్కాడు.